మీ ప్రశ్నలు – మా జవాబులు: మయామీ నుంచి వాషింగ్టన్‌కు ఇలియానా రోస్-లెహ్టినెన్

క్రితం సంచికలో అమెరికా విదేశాంగ మంత్రి మార్కో రూబియో గురించి రాస్తూ, ఆయన విద్యార్థిగా ఉన్న రోజుల్లో, 1991లో, ఇలియానా రోస్-లెహ్టినెన్ అనే ప్రతినిధుల సభ సభ్యురాలి కార్యాలయంలో ఇంటర్న్‌గా పనిచేశారని ఒక వాక్యం చేర్చాం. రూబియో సంగతి పక్కన పెట్టి, ఆమె ఎవరో చెప్పమని అడిగిన ఉత్తరాలే ఎక్కువగా వచ్చాయి. అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆమెకే కేటాయిస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్కో ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: ఇలియానా అంటే మాకు తెలిసింది సినిమా తారే. ఈ రోస్-లెహ్టినెన్ ఎవరు? వేరే దేశంలో పుట్టినవారు అమెరికా చట్టసభకు పోటీ చేయవచ్చా? (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: రెండో సందేహం ముందుగా తీరుద్దాం. పుట్టుకతో పౌరులై ఉండాలన్న నియమం అమెరికాలో అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకే ఉంది. ప్రతినిధుల సభకు పోటీ చేయాలంటే పాతికేళ్ల వయసు, ఏడేళ్ల పౌరసత్వం, ఆ రాష్ట్రంలో నివాసం ఉంటే చాలు.

ఇలియానా 1952 జులై 15న క్యూబా రాజధాని హవానాలో పుట్టారు. రోస్ అన్నది పుట్టింటి పేరు. లెహ్టినెన్ అన్నది 1984లో ఆమెను వివాహమాడిన డెక్స్టర్ లెహ్టినెన్ నుంచి వచ్చింది. తండ్రి ఎన్రికే రోస్ వ్యాపారి. తల్లి అమాండా పూర్వీకులు టర్కీ నుంచి క్యూబాకు వచ్చిన యూదులు. అమాండా తర్వాత క్యాథలిక్ మతం స్వీకరించారు. 1959 జనవరి 1న బటిస్టా ప్రభుత్వం కూలి ఫిడెల్ క్యాస్ట్రో అధికారంలోకి వచ్చాక, భూములు, కర్మాగారాలు, వ్యాపారాలు ఒక్కొక్కటిగా ప్రభుత్వపరం కావడంతో ఉన్నవాళ్లు, చదువుకున్నవాళ్లు గుంపులు గుంపులుగా ఫ్లోరిడా దారి పట్టారు. రోస్ కుటుంబం 1960లో వచ్చింది. అప్పటికి ఇలియానాకు ఎనిమిదేళ్లు.

ఆ తొలి విడతలో వచ్చినవారి మనస్తత్వం అర్థమైతే తర్వాతి కథ సగం అర్థమైనట్టే. బతుకుతెరువు కోసం వలస వచ్చామని వాళ్లు అనుకోలేదు. నాలుగు నెలల్లో క్యాస్ట్రో పడిపోతాడని, ఇంటికి తిరిగి వెళ్లిపోతామని నమ్మారు. 1961 ఏప్రిల్‌లో అమెరికా గూఢచారి సంస్థ శిక్షణ ఇచ్చిన ప్రవాసుల దళం బే ఆఫ్ పిగ్స్ తీరంలో దిగి మూడు రోజుల్లో ఓడిపోవడంతో ఆ ఆశకు పెద్ద దెబ్బ తగిలింది, కానీ అది చావలేదు. ఎన్రికే రోస్ జీవితాంతం క్యాస్ట్రో వ్యతిరేక ఉద్యమంలోనే ఉన్నారు, క్యూబా చరిత్ర మీద పుస్తకాలు రాశారు, 2013లో కన్నుమూశారు. తిరిగి వెళ్లడం అన్న మాట రోజూ వినబడే ఇంట్లో పెరిగిన పిల్లకు క్యూబా విషయం విదేశాంగ విధానంలా కాక ఇంటి ఆస్తి తగాదాలా కనిపించడంలో వింత లేదు.

చదువంతా ఫ్లోరిడాలోని మయామీ నగరంలోనే సాగింది. అక్కడి కమ్యూనిటీ కాలేజీలో చదివి, 1975లో ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ నుంచి విద్యాశాస్త్రంలో పట్టా పొంది, తర్వాత అక్కడే స్నాతకోత్తర పట్టా కూడా తీసుకున్నారు. చాలా ఏళ్ల తర్వాత, కాంగ్రెస్ సభ్యురాలిగా ఉంటూనే, 2004లో యూనివర్సిటీ ఆఫ్ మయామీ నుంచి విద్యారంగంలో డాక్టరేట్ పూర్తి చేశారు. రాజకీయాల్లోకి రాకముందు ఆమె బడిపంతులమ్మ. క్యూబన్లు ఎక్కువగా స్థిరపడిన హయాలియా పట్టణంలో ఈస్టర్న్ అకాడమీ అనే ప్రైవేటు ప్రాథమిక పాఠశాల పెట్టి, ఇంగ్లీషు, స్పానిష్ రెండింటిలోనూ బోధన జరిపిస్తూ ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన తల్లిదండ్రులు వలస కాగితాలు, పింఛను దరఖాస్తులు, ఉద్యోగం ఇబ్బందులు పట్టుకుని బడి దగ్గరకే వచ్చేవారు. ఆమె రాజకీయానికి పునాది ఆ ప్రిన్సిపాల్ గది అని చెప్పవచ్చు. దాదాపు మూడు దశాబ్దాలు కాంగ్రెస్‌లో ఉన్నప్పుడు కూడా మయామీ కార్యాలయంలో ఇలాంటి పనులు చేసిపెట్టడమే ఆమెకు ఓట్లు తెచ్చిన ప్రధాన విద్య.

1982లో ఫ్లోరిడా రాష్ట్ర దిగువ సభకు, 1986లో ఎగువ సభకు ఎన్నికయ్యారు. రెండింటిలోనూ హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) మహిళల్లో మొదటివారు ఆమే. అక్కడ ఆమె చేసిన పనుల్లో చిరకాలం నిలిచినది కాలేజీ ఫీజుల ముందస్తు చెల్లింపు పథకం. బిడ్డ చిన్నగా ఉన్నప్పుడే తల్లిదండ్రులు నాటి లెక్క ప్రకారం వాయిదాలు కడితే, పిల్లవాడు కాలేజీకి వచ్చే నాటికి ఫీజు ఎంత పెరిగినా ప్రభుత్వ కళాశాల చదువు ఖాయం. ఈ పథకం ఇప్పటికీ నడుస్తోంది.

డెక్స్టర్ లెహ్టినెన్ కూడా ఆ సభల్లో సభ్యుడే. వియత్నాం యుద్ధంలో తీవ్రంగా గాయపడిన సైనికుడు, తొలుత డెమోక్రాట్, తర్వాత రిపబ్లికన్. దక్షిణ ఫ్లోరిడాకు ఫెడరల్ ప్రాసిక్యూటర్‌గా ఉన్నప్పుడు 1988లో ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లోకి మురికి నీరు చేరుతోందని సాక్షాత్తూ ఫ్లోరిడా రాష్ట్ర సంస్థల మీదే దావా వేసిన మనిషి.

ప్రశ్న: ఆమె తొలిసారి గెలిచిన 1989 ఎన్నిక చాలా వివాదాస్పదమైందని చదివాను. ఏం జరిగింది? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆమె జీవితంలో అన్నిటికన్నా వివరంగా చెప్పుకోవలసిన ఘట్టం ఇదే.

మయామీ నగరం ఉన్న ఆ నియోజకవర్గం డెమోక్రాట్ క్లాడ్ పెప్పర్‌కు పెట్టనికోట. 1930లలోనే సెనేటర్ అయి, 1963 నుంచి ప్రతినిధుల సభలో ఉంటూ, వృద్ధుల పింఛన్లకు కాపలాదారుగా దేశమంతా పేరు తెచ్చుకున్న నాయకుడాయన. 1989 మే 30న, 88 ఏళ్ల వయసులో పెప్పర్ మరణించడంతో ఆగస్టు 29న ఉప ఎన్నిక ప్రకటించారు.

ఆయన పట్టు సాగినన్నాళ్లూ నియోజకవర్గం అడుగున నేల కదులుతూనే ఉంది. 1965 నుంచి 1973 వరకు నడిచిన విమానాల్లో లక్షలమంది క్యూబన్లు వచ్చారు. 1966లో చేసిన ప్రత్యేక చట్టం వల్ల క్యూబన్లకు అమెరికాలో అడుగుపెట్టిన కొద్ది కాలానికే శాశ్వత నివాసం దక్కేది. మొదట్లో రెండేళ్లు, తర్వాతి కాలంలో ఒక్క ఏడాది ఆగితే చాలు. గ్రీన్ కార్డు కోసం దశాబ్దాలు ఎదురుచూసే మన తెలుగు ఐటీ ఉద్యోగులకు ఈ మాట వింటే కడుపు మండవచ్చు. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో కమ్యూనిస్టు దేశం నుంచి పారిపోయి వచ్చినవారికి ఇచ్చిన విలువ అది. త్వరగా నివాసం, త్వరగా పౌరసత్వం, దానితో త్వరగా ఓటు. తక్కిన వలస వర్గాల కన్నా ముందే క్యూబన్లు రాజకీయ శక్తి కావడానికి వాళ్ల పట్టుదల ఎంత కారణమో, ఈ చట్టమూ అంతే కారణం. 1980లో మరియెల్ రేవు నుంచి పడవల్లో ఒక్క వేసవిలో సుమారు 1,25,000 మంది వచ్చేసరికి, అప్పటికే ఉన్న తెల్లవారిలో, నల్లవారిలో అసహనం బయటపడింది. అదే ఏడాది నవంబరులో జిల్లా ఓటర్లు స్థానిక ప్రభుత్వం ఇంగ్లీషు తప్ప వేరే భాషలో ఖర్చు పెట్టకూడదని తీర్మానం గెలిపించారు. అది 1993 దాకా అమల్లో ఉంది.

ఉప ఎన్నిక ఈ నేపథ్యంలో వచ్చింది. రిపబ్లికన్ పార్టీ జాతీయ అధ్యక్షుడు లీ ఆట్‌వాటర్ ఈ సీటు క్యూబన్ అమెరికన్లకు దక్కాలన్న మాట బహిరంగంగా అన్నారు. డెమోక్రటిక్ అభ్యర్థి, న్యాయవాది జెరల్డ్ రిచ్‌మన్ దానికి బదులుగా ఇది అమెరికన్ సీటు అన్న నినాదం ఎత్తుకున్నారు. ఒక వర్గానికి సీటు రాసిచ్చే హక్కు ఎవరికీ లేదన్నదే తన ఉద్దేశమని ఆయన వాదన. క్యూబన్ల చెవికి మాత్రం అది, మీరు ఇక్కడ ఎన్నేళ్లు ఉన్నా అమెరికన్లు కారు అన్నట్టు వినిపించింది. స్పానిష్ రేడియోలు రోజంతా ఈ నినాదం మీదే మండిపడ్డాయి. రోస్-లెహ్టినెన్ ఆయనతో చర్చా వేదిక పంచుకోవడానికే నిరాకరించారు. ఆమె ప్రచార సారథి ఎవరో కాదు, నాటి అధ్యక్షుడు సీనియర్ బుష్ కుమారుడు, ఆ తర్వాత ఫ్లోరిడా గవర్నర్ అయిన జెబ్ బుష్. అధ్యక్షుడు స్వయంగా మయామీ వచ్చి ఆమె తరఫున మాట్లాడారు.

సుమారు 53 శాతం ఓట్లతో ఆమె గెలిచారు. క్యూబన్లు దాదాపు గంపగుత్తగా ఆమెకు వేస్తే, నల్లవారు అంతే గంపగుత్తగా రిచ్‌మన్‌కు వేశారు. తెల్లవారిలోనూ అత్యధికులు ఆయన వైపే నిలిచారు. కాంగ్రెస్‌లో అడుగుపెట్టిన తొలి క్యూబన్ అమెరికన్, తొలి హిస్పానిక్ మహిళ అన్న చరిత్ర ఒక్కరోజులో ఆమె పేరున చేరింది. ఆ చరిత్ర నిట్టనిలువునా చీలిన ఊరి నుంచి వచ్చిందన్న నిజాన్ని ఆమె అభిమానులు తక్కువగా ప్రస్తావిస్తారు. ఆమె తెలివిడి ఏమిటంటే ఆ చీలికను అలాగే వదిలేయలేదు. తర్వాతి ఎన్నికల్లో యూదు ఓటర్లు, వృద్ధులు, తీరప్రాంతం వారు ఒక్కొక్కరుగా ఆమె వైపు మళ్లారు. కొన్నిసార్లు ఆమె మీద పోటీకి కూడా ఎవరూ నిలబడలేదు.

1992లో ఇద్దరు క్యూబన్ అమెరికన్లు ఆమెకు తోడయ్యారు: మయామీ నుంచి రిపబ్లికన్ లింకన్ డియాజ్-బలార్ట్, న్యూజెర్సీ నుంచి డెమోక్రాట్ బాబ్ మెనెండెజ్. క్యాస్ట్రోకు వ్యతిరేకంగా గొంతు చించుకున్న ఈ లింకన్‌కు సొంత మేనత్త మిర్తా ఫిడెల్ క్యాస్ట్రో మొదటి భార్య. మన ఊళ్లలో పాలివాళ్ల పంతాలు తెలిసినవారికి క్యూబా రాజకీయం అంత కొత్తగా అనిపించదు.

ప్రశ్న: క్యూబా మీద ఆర్థిక దిగ్బంధం వల్ల నష్టపోయింది అక్కడి సామాన్యులే కదా? దానిని కాపాడటమే ఆమె జీవిత లక్ష్యమా? (హైదరాబాద్ నుంచి ఇద్దరు పాఠకులు)

జవాబు: కాపాడారన్నది నిజం. ఎలా కాపాడారో చూస్తే ఆమె శక్తి తెలుస్తుంది.

1990ల మొదట్లో సోవియట్ యూనియన్ కూలిపోవడంతో క్యూబాకు చమురు, చెల్లింపులు ఆగిపోయాయి. దిగ్బంధాన్ని ఇంకా కొనసాగించడంలో అర్థం ఉందా అన్న ప్రశ్న వాషింగ్టన్‌లో వినిపించసాగింది. అధ్యక్షుడు క్లింటన్ కూడా కొంత మెత్తబడే సూచనలు కనిపించాయి. అలాంటి సమయంలో, 1996 ఫిబ్రవరి 24న, మయామీ ప్రవాసుల సంస్థ నడిపే రెండు చిన్న విమానాలను క్యూబా యుద్ధవిమానాలు కూల్చివేయగా నలుగురు చనిపోయారు. దిగ్బంధాన్ని బిగించడానికి తెచ్చిన, అప్పటిదాకా నలుగుతున్న హెల్మ్స్-బర్టన్ బిల్లు ప్రతినిధుల సభలో 336–86 ఓట్లతో, సెనేట్‌లో 74–22తో నెగ్గింది. మార్చి 12న క్లింటన్ సంతకం చేశారు.

చట్టానికి పేరు ఇద్దరు రిపబ్లికన్లది. దాని వెన్నెముక మాత్రం మయామీ సభ్యులు పట్టుబట్టి పెట్టించినది. అంతకుముందు దిగ్బంధం చాలావరకు అధ్యక్షుడి ఉత్తర్వుల మీద ఆధారపడేది. ఆ ఉత్తర్వులన్నిటినీ ఈ చట్టం శాసనంగా మార్చింది. ఇక అధ్యక్షుడు ఎవరైనా సరే, కాంగ్రెస్ ఒప్పుకోనిదే పూర్తిగా ఎత్తివేయలేడు. క్యాస్ట్రో సోదరులు ఇద్దరూ లేని ప్రభుత్వం, రాజకీయ ఖైదీల విడుదల, ఎన్నికలు వంటి షరతులు నెరవేరితేనే దారి తెరుచుకుంటుంది. విప్లవం తర్వాత స్వాధీనం చేసుకున్న ఆస్తులను వాడుకుంటున్న విదేశీ కంపెనీల మీద పాత యజమానులు అమెరికా కోర్టుల్లో దావా వేయవచ్చని ఇంకో భాగం చెబుతుంది. స్వాధీనం నాటికి అమెరికా పౌరులు కాని క్యూబన్లకు కూడా ఆ హక్కు ఇవ్వడం ఐరోపా దేశాలకు, కెనడాకు కంటిలో నలుసైంది. ఆ భాగాన్ని క్లింటన్ మొదలుకొని వచ్చిన అధ్యక్షులందరూ ఆరు నెలలకోసారి వాయిదా వేస్తూ వచ్చారు. చివరకు 2019 మేలో ట్రంప్ దానిని అమల్లోకి తెచ్చారు. ఒబామా 2014 డిసెంబరులో సంబంధాలు తిరిగి మొదలుపెడతామని ప్రకటించి, 2015లో రాయబార కార్యాలయం తెరిచి, 2016 మార్చిలో హవానా వెళ్లివచ్చినా, దిగ్బంధం మూలకట్టు కదలకపోవడానికి కారణం ఈ 1996 చట్టమే.

ఇక మీ ప్రశ్నలోని విమర్శ. దశాబ్దాల దిగ్బంధం క్యాస్ట్రో ప్రభుత్వాన్ని దించలేకపోయిందన్నది కళ్లెదుట కనిపించేదే. తన వైఫల్యాలన్నిటికీ అమెరికాను చూపించే అవకాశం ఆ ప్రభుత్వానికి ఇదే ఇచ్చింది. రోస్-లెహ్టినెన్ సమాధానం ఎప్పుడూ ఒకటే: డాలర్లు వెళితే ప్రజలకు కాక సైన్యం చేతిలోని హోటళ్లకు చేరతాయి. అందులో కొంత నిజం ఉంది, ఎందుకంటే క్యూబా పర్యాటక రంగంలో పెద్ద భాగం సైన్యానికి చెందిన సంస్థలదే. అయినా అదే వాదన ఇతర నియంతృత్వాలతో వ్యాపారం చేసేటప్పుడు వాషింగ్టన్‌కు గుర్తు రాకపోవడాన్ని ఆమె సంతృప్తికరంగా వివరించలేకపోయారని మా అభిప్రాయం.

ఆమె రికార్డులో మచ్చలనదగినవీ ఈ విషయం చుట్టూనే ఉన్నాయి. 1976లో 73 మంది చనిపోయిన క్యూబా ప్రయాణికుల విమానం పేల్చివేతలో నిందితుడైన ఓర్లాండో బోష్‌ను వెనెజువెలా కోర్టు నిర్దోషిగా వదిలింది. అతను 1988లో మయామీకి తిరిగి రాగానే నిర్బంధించి, ఉగ్రవాద చరిత్ర ఉన్నందున దేశం నుంచి పంపించాలని అమెరికా న్యాయశాఖ నిర్ణయించింది. అతని విడుదలకు ఆమె గట్టిగా ప్రయత్నించారు. 1990లో బుష్ ప్రభుత్వం వదిలిపెట్టింది. మళ్లీ 2006లో ఒక బ్రిటిష్ డాక్యుమెంటరీలో, క్యాస్ట్రోను ఎవరైనా హత్య చేస్తే స్వాగతిస్తానన్న అర్థంలో మాట్లాడి, ఆ దృశ్యాన్ని అతికించి చూపించారని మొదట కొట్టిపారేసి, పూర్తి టేపు బయటికి వచ్చాక వెనక్కి తగ్గవలసి వచ్చింది.

ఎలియాన్ గోన్‌సాలెస్ కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1999 నవంబరులో తల్లి సముద్రంలో మునిగిపోగా, టైరు ట్యూబును పట్టుకుని ఫ్లోరిడా తీరం దగ్గర దొరికిన అయిదేళ్ల బాలుడు. క్యూబాలో ఉన్న తండ్రికి అప్పగించాలా, మయామీ బంధువుల దగ్గర ఉంచాలా అన్న వివాదం ఏడు నెలలు నడిచింది. ఆమె బంధువుల వైపు నిలిచారు. 2000 ఏప్రిల్ 22 తెల్లవారుజామున సాయుధ సిబ్బంది బాలుడిని తీసుకువెళ్లిన తీరు మయామీ క్యూబన్లను డెమోక్రాట్లకు మరింత దూరం చేసింది. ఆ నవంబరులో అధ్యక్ష పదవి ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో తేలిన సంగతి కలిపి చూస్తే, ఒక నియోజకవర్గం కోపం ఎంత దూరం వెళుతుందో తెలుస్తుంది. హవానా పత్రికలు ఆమెను క్రూరమైన ఆడ తోడేలుగా వర్ణించింది ఈ రోజుల్లోనే. ఆమె దానిని బిరుదులా చెప్పుకున్నారు.

ప్రశ్న: ఒబామా ఫోను చేస్తే ఆమె పెట్టేశారన్నది నిజమా, కట్టుకథా? (విశాఖపట్నం నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: నిజమే, అదీ ఒకసారి కాదు. 2008 డిసెంబరు 3న, ఎన్నికై ఇంకా ప్రమాణం చేయని ఒబామా, విదేశీ వ్యవహారాల కమిటీలో రిపబ్లికన్ల తరఫు సీనియర్ సభ్యురాలైన ఆమెను పలకరించడానికి ఫోను చేశారు. మయామీలో ఆకతాయి ఫోన్లకు పేరుపడ్డ స్పానిష్ రేడియో జట్టు ఒకటుంది. వాళ్లు 2003లో సాక్షాత్తూ ఫిడెల్ క్యాస్ట్రోనే వెనెజువెలా అధ్యక్షుడు చావెజ్ పేరుతో మోసగించారు. పైగా నెల రోజుల క్రితమే ఉపాధ్యక్ష అభ్యర్థిని సారా పేలిన్ ఫ్రాన్స్ అధ్యక్షుడిగా నటించిన హాస్యగాళ్ల చేతిలో నవ్వులపాలయ్యారు. అందువల్ల రోస్-లెహ్టినెన్, ఒబామా గొంతును బాగానే అనుకరిస్తున్నారని మెచ్చుకుని ఫోను పెట్టేశారు. వెంటనే ఒబామా ముఖ్య సహాయకుడు రామ్ ఇమాన్యుయేల్ చేస్తే, ఆయనకూ అదే మర్యాద జరిగింది. చివరికి కమిటీ అధ్యక్షుడు, డెమోక్రాట్ హోవార్డ్ బెర్మన్ ఫోను చేసి నచ్చజెప్పబోతే, మనిద్దరికే తెలిసిన సంగతి ఒకటి చెబితేనే నమ్ముతానని ఆమె అన్నారు. ఆయన చెప్పారు, ఒబామా మళ్లీ చేశారు, ఇద్దరూ నవ్వుకున్నారు. ఎదుటి పార్టీవాడైన కమిటీ అధ్యక్షుడితో ఇద్దరికే తెలిసిన ముచ్చట ఉండేంత చనువు ఆ రోజుల్లో ఉండేదన్నది ఈ కథలో మాకు నచ్చిన భాగం.

ప్రశ్న: రిపబ్లికన్ అయి ఉండి స్వలింగ వివాహాలను బలపరిచారు, ట్రంప్‌ను వ్యతిరేకించారు. ఆమె అసలు ఏ పక్షం? (డాలస్ నుంచి ఒక తెలుగు పాఠకుడు)

జవాబు: ఆమె మయామీ పక్షం. ఇది చమత్కారానికి అంటున్న మాట కాదు. ఆమె ఓట్ల చరిత్రను పార్టీ సిద్ధాంతంతో చదివితే పొంతన కుదరదు, నియోజకవర్గంతో చదివితే చాలావరకు కుదురుతుంది.

1994లో న్యూట్ గింగ్రిచ్ నాయకత్వంలో రిపబ్లికన్ అభ్యర్థులు దాదాపు అంతా సంతకం చేసిన ఎన్నికల ఒడంబడిక మీద ఆమె, లింకన్ డియాజ్-బలార్ట్ సంతకం చేయలేదు. చట్టబద్ధంగా వచ్చి ఇంకా పౌరసత్వం పొందని వలసదారులకు సంక్షేమ సాయం ఆపాలన్న అంశం అందులో ఉండటమే కారణం. మయామీలో అలాంటి ముసలివాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. 1996 సంక్షేమ చట్టానికీ ఇద్దరూ వ్యతిరేకంగా ఓటు వేశారు. ఇంగ్లీషును ఏకైక అధికార భాష చేయాలన్న ప్రయత్నాలనూ ఆమె ఎదిరించారు. మరోవైపు 1997లో, హిస్పానిక్ సభ్యుల బృందం అధ్యక్షుడు జేవియర్ బెసెరా క్యూబా వెళ్లివచ్చినందుకు నిరసనగా ఆ బృందం నుంచే ఇద్దరూ బయటికి వచ్చేశారు. వలసదారుల సాయం దగ్గర డెమోక్రాట్లతో, క్యూబా దగ్గర వాళ్లకు ఎదురుగా నిలిచారు. రెండు చోట్లా ఆమె వెనక ఉన్న జనం మాత్రం ఒకరే.

స్వలింగ వివాహాల విషయంలో ఇంటి కారణమూ ఉంది. ఆమె సంతానంలో ఒకరైన రోడ్రిగో హెంగ్-లెహ్టినెన్ ట్రాన్స్‌జెండర్ హక్కుల ఉద్యమంలో పేరున్న నాయకుడు. కొడుకును ఉన్నవాడిని ఉన్నట్టుగా ప్రేమించమని తోటి తల్లిదండ్రులకు చెబుతూ 2016లో తల్లిదండ్రులిద్దరూ అతనితో కలిసి టీవీ ప్రకటనలో కనిపించారు. అయితే ఆమె రాజకీయ నిర్ణయాలు అంతకన్నా ముందే మొదలయ్యాయి. స్వలింగ సంపర్కులు బహిరంగంగా సైన్యంలో పనిచేయకుండా ఉన్న నిషేధం ఎత్తివేతకు 2010 మేలో అనుకూలంగా ఓటు వేసిన అయిదుగురు రిపబ్లికన్లలో ఆమె ఒకరు. 2011లో స్వలింగ వివాహాలకు ఫెడరల్ ప్రభుత్వ గుర్తింపు ఇచ్చే వివాహ గౌరవ బిల్లుకు సహ ప్రతిపాదకురాలైన తొలి రిపబ్లికన్, 2012లో స్వలింగ వివాహాన్ని బాహాటంగా సమర్థించిన తొలి రిపబ్లికన్ ప్రతినిధి ఆమే. ఆ బిల్లు చట్టమైంది 2022 డిసెంబరులో. అప్పటికి ఆమె సభలో లేరు.

2016లో ట్రంప్‌కు ఓటు వేయకుండా బ్యాలెట్ మీద జెబ్ బుష్ పేరు రాశారు. 2017 మేలో ఒబామా ఆరోగ్య బీమా చట్టాన్ని రద్దు చేసే బిల్లు సభలో 217–213తో నెగ్గినప్పుడు వ్యతిరేకించిన 20 మంది రిపబ్లికన్లలో ఆమె కూడా ఉన్నారు. ఒబామా బీమా మీద ఆధారపడిన కుటుంబాలు దేశంలో అత్యధికంగా ఉన్న ప్రాంతాల్లో మయామీ ఒకటి.

ప్రశ్న: భారతదేశంతో ఆమెకు ఏమైనా సంబంధం ఉందా? విదేశీ వ్యవహారాల కమిటీ అధ్యక్ష పదవి ఆమెకు రెండేళ్లకే ఎందుకు ముగిసింది? (నెల్లూరు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: కొంత ఉంది. భారత్, భారతీయ అమెరికన్ల వ్యవహారాల కోసం 1993లో ఏర్పడిన కాంగ్రెస్ సభ్యుల బృందానికి ఆమె కొంతకాలం సహాధ్యక్షురాలు. 2008 సెప్టెంబరులో భారత్–అమెరికా పౌర అణు ఒప్పందాన్ని ప్రతినిధుల సభ 298–117 ఓట్లతో ఆమోదించినప్పుడు విదేశీ వ్యవహారాల కమిటీలో రిపబ్లికన్ పక్షానికి పెద్ద ఆమే. ఆ పార్టీ ఓట్లు దాదాపు అన్నీ ఒప్పందానికే పడ్డాయి.

2011 జనవరిలో ఆమె ఆ కమిటీకి అధ్యక్షురాలయ్యారు, ఆ కుర్చీలో కూర్చున్న తొలి మహిళగా. అప్పటి ఆమె పని మనకు కొంత ఇబ్బందీ తెచ్చింది. ఇరాన్ మీద ఆంక్షలు బిగించే 2012 చట్టం ఆమె ప్రతిపాదించినదే. ఇరాన్ చమురు మీద బాగా ఆధారపడిన మన శుద్ధి కర్మాగారాలు ఆ కాలంలో కొనుగోళ్లు తగ్గించుకుంటూ వాషింగ్టన్ మినహాయింపుల కోసం ఎదురుచూడవలసి వచ్చింది. క్యూబా విషయంలోనైతే మన దేశానిది సరిగ్గా ఎదుటి వైఖరి. దిగ్బంధం ఎత్తివేయాలని 1992 నుంచి ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభలో ఏటా వచ్చే తీర్మానానికి భారత్ అనుకూలంగా ఓటు వేస్తూ వస్తోంది.

అధ్యక్ష పదవి రెండేళ్లకే ఎందుకు ముగిసిందని మీరు అడిగారు. ఓటమి వల్ల కాదు. రిపబ్లికన్ల అంతర్గత నియమం ప్రకారం ఒక కమిటీలో అగ్రస్థానం ఆరేళ్లకు మించి ఉండకూడదు, ప్రతిపక్షంలో ఉన్న ఏళ్లూ ఆ లెక్కలోకే వస్తాయి. 2007 నుంచి నాలుగేళ్లు ప్రతిపక్ష నాయకత్వంలోనే గడిచిపోయాయి. తర్వాత మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా ఉపసంఘం చూసుకున్నారు.

ప్రశ్న: ఎందుకు తప్పుకున్నారు? ఆ సీటు ఇప్పుడు ఎవరిది? (వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: 2017 ఏప్రిల్ 30న మళ్లీ పోటీ చేయనని ప్రకటించారు. ఓడిపోతానన్న భయంతో కాదని ఆమె అన్నారు. లెక్కలు చూస్తే ఆ మాటలో బలం ఉంది, ప్రమాదమూ కనిపిస్తుంది. 2016లో ఆ నియోజకవర్గంలో హిల్లరీ క్లింటన్ ట్రంప్ మీద దాదాపు 20 శాతం ఆధిక్యం సాధించగా, అదే రోజు అదే ఓటర్లు రోస్-లెహ్టినెన్‌ను సుమారు 10 శాతం తేడాతో గెలిపించారు. పార్టీని కాదని మనిషిని చూసి వేసిన ఓట్లవి. 1980లలో క్యాస్ట్రో పేరెత్తితే పిడికిలి బిగించిన తరం తగ్గి, వాళ్ల మనవళ్లు ఇళ్ల అద్దెలు, సముద్రమట్టం పెరగడం గురించి అడిగే రోజులు వచ్చాయి. సముద్రమట్టం ముప్పును ఒప్పుకుని మాట్లాడిన కొద్దిమంది రిపబ్లికన్లలో ఆమె ఉన్నారు.

చివరి నెలల్లోనూ పాత పట్టు వదల్లేదు. నికరాగువాలో ఒర్టెగా ప్రభుత్వానికి అంతర్జాతీయ రుణాలు అందకుండా చేసే బిల్లు ఆమె ప్రతిపాదించినదే, 2018 డిసెంబరులో చట్టమైంది. 2019 జనవరి 3న పదవీకాలం ముగిశాక వాషింగ్టన్‌లోని ఒక పేరున్న న్యాయ సంస్థలో చేరారు.

సీటు కోసం 2018లో క్లింటన్ మంత్రివర్గంలో ఆరోగ్య శాఖ చూసిన, తర్వాత యూనివర్సిటీ ఆఫ్ మయామీ అధ్యక్షురాలిగా పనిచేసిన డోనా షలేలా, క్యూబన్ ప్రవాసుల కుమార్తె, టీవీ పాత్రికేయురాలు మరియా ఎల్విరా సలాజార్ తలపడ్డారు. షలేలా గెలవడంతో, మయామీ రంగు మారిపోయింది, క్యూబన్ల కాలం అయిపోయింది అని వ్యాఖ్యాతలు రాశారు. 2020లో అదే ఇద్దరు మళ్లీ పోటీపడ్డారు. సోషలిజం పేరెత్తి ప్రచారం చేసిన సలాజార్ ఈసారి గెలిచారు, తర్వాతి రెండు ఎన్నికల్లోనూ సీటు నిలబెట్టుకున్నారు.